పడవెక్కితే మాట్లాడే మొగుడు

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో సీతారామారావు కిరాణా కొట్టు తెలియనివాళ్ళు లేరు గానీ, సీతారామారావు గొంతు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. అడిగింది ఇస్తాడు. ధర చెప్తాడు, అదీ ఎవరో బలవంతం చేస్తే చెప్పినట్టు. బేరమాడితే కాటా వైపు చూస్తాడు తప్ప మనిషి వైపు చూడడు. ఆ కొట్టుకి నోరంటూ ఒకటుంటే అది ఆయన భార్య కాంతం. ఎవరింట్లో పురుడు, ఎవరింట్లో పెళ్ళి, ఎవరికి ఏ పప్పు పడదు, ఎవరి అత్తగారు ఏ నూనె వాడనివ్వదు, అన్నీ ఆవిడ నాలిక చివరే ఉంటాయి.

కాంతం రామతీర్థం పిల్ల. కొండ కింద కొబ్బరికాయలు, కర్పూరం అమ్మే ఇంట్లో పుట్టి, పరికిణీలు కట్టే వయసులోనే భక్తులతో బేరాలాడి, ఇరవై నిండకుండా ఈ కొట్లోకి కోడలై వచ్చింది. వచ్చిన వారానికే అత్తగారు చేతికి ఇత్తడి అడ్డ ఇచ్చింది, బియ్యమూ పప్పులూ కొలవడానికి. ఇచ్చి రెండు సంగతులు చెప్పింది. మొదటి కొలతని ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం అన్నది మొదలు కొలత ముగిసేదాకా కొలిచే మనిషి ఎవరితోనూ మాట్లాడకూడదు, ఎవరి మాటా వినకూడదు. మధ్యలో మాట పడితే గింజలు మళ్ళీ బస్తాలో పోసి మొదట్నుంచి కొలవాలి. కాంతం ఈ రెండూ తు చ తప్పకుండా పట్టుకుంది. ఆవిడ కొలుస్తున్నప్పుడు తాసిల్దారు వచ్చి పలకరించినా సరే, ఆగమన్నట్టు ఎడమ చెయ్యి పైకి లేస్తుంది, అంతే. ఎలక్ట్రానిక్ కాటా వచ్చి ఎన్నేళ్ళయినా కొత్త బస్తా విప్పితే ఆ అడ్డతో కొలిచి డబ్బాల్లో పోస్తేనే ఆవిడకి తృప్తి.

ఇక మొగుడి సంగతి. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మనిషి మౌనం చూసి కాంతానికి ఏడుపొచ్చేది. "పప్పులో ఉప్పు తగ్గింది." "కందులొచ్చాయి." "తలుపు గడియెయ్యి." ఏడాది పొడుగునా ఆవిడతో అన్న మాటలన్నీ పోగేస్తే ఒక పొట్లం కాగితం నిండదు. తర్వాత తర్వాత అలవాటైపోయింది. అలవాటే కాదు, నలుగురు ఆడవాళ్ళు చేరినచోట గొప్పగా కూడా చెప్పుకునేది. "మా ఆయన తత్వమే అంతమ్మా. ఎవరితోనూ మాటాడరు. ఇంట్లో గొడవ లేదు, బయట తగువు లేదు" అనేది. ఆ "ఎవరితోనూ" అన్న మాట మీదే ఆవిడ కాపురమంతా నిలబడి ఉందని ఆవిడకే తెలీదు. తెలిసే రోజు రావాలి కదా, వచ్చింది.

రెండేళ్ళ కిందట కొడుకు ప్రమోద్ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాక సీతారామారావుకి తీరిక దొరికింది. సుగర్ వచ్చింది, నడవమని డాక్టరు చెప్పాడు. నడుస్తూ నడుస్తూ ఆయన చూపు పిట్టల మీద పడింది. మెడలో బైనాక్యులర్స్ వచ్చాయి, నెత్తిన టోపీ వచ్చింది, ఆదివారం వచ్చిందంటే చాలు, తెల్లారకముందే స్కూటర్ మీద కళింగపట్నం వైపు వెళ్ళిపోవడం వచ్చింది. అక్కడ సముద్రానికి ఇవతల ఏడాది పొడుగునా మంచినీళ్ళు నిలిచే పల్లపు నేల ఉంది. బీల అంటారు. తుంగ, కలవపూలు, వాటి మధ్య వేలకొద్దీ పిట్టలు. పడవలో తిప్పి చూపిస్తారు. పోనీలే, పేకాటకి పోలేదు కదా అనుకుంది కాంతం.

ఒక శనివారం సాయంత్రం కాంతం చేటలో బియ్యం ఏరుతోంది. కోడలు భరణి పక్కనే కూరగాయలు తరుగుతోంది. సీతారామారావు ఫోను మోగింది. ఆయన దాన్ని ఎక్కడ నొక్కాడో, అవతలి మనిషి మాట ఇల్లంతా వినిపించింది.

"సీతారామారావుగారూ, రేపు వస్తున్నారు కదా? మీరు లేకపోతే పడవలో మాటామంతీ ఉండదండీ. పోయిన వారం మీరు చెబుతుంటే నవ్వలేక నా పక్కటెముకలు నొప్పెట్టాయి."

ఆడగొంతు. 

"వస్తానండి, వస్తాను. ఇంకో సంగతుంది, మీకు సెప్పాలి," అన్నాడు సీతారామారావు, నవ్వుతూ.

చేటలో కాంతం వేళ్ళు ఆగిపోయాయి. భరణి కత్తిపీట మీద నుంచి తలెత్తి, "ఓలమ్మా, మావయ్యగారు జోకులు కూడా ఏస్తారేటత్తా!" అని కిసుక్కున నవ్వింది. కాంతం నవ్వలేదు.

"ఎవరావిడ?" అంది మొగుడితో.

"ఝాన్సీలక్ష్మిగారు. శ్రీకాకుళంలో బ్యాంకులో సేసి రిటైరయ్యారు."

"ఏటి సెప్తారు ఆవిడకి?"

"ఏటుంటాది. పిట్టల సంగతులు."

"పిట్టల సంగతులకి పక్కటెముకలు నొప్పెడతాయేటి?"

సీతారామారావు జవాబు చెప్పలేదు. అది మామూలే. మామూలు కానిది ఏమిటంటే, ఆ జవాబు చెప్పకపోవడం ఇవాళ కొత్తగా గుచ్చుకుంది.

"రేపు నేనూ వస్తాను," అంది కాంతం.

"ఎందుకు?"

"పిట్టల్ని సూడ్డానికి. నాకు మాత్రం కళ్ళు లేవేటి?"

"సరే," అన్నాడాయన.

కాంతానిది ఎలాంటి అసూయో చెప్పకపోతే ఆవిడకి అన్యాయం చేసినట్టవుతుంది. మొగుడు పరాయిదాని వెంట పడ్డాడన్న అనుమానం కాదు. అదే అయితే ఆవిడ నోటికి అరగంట పని, మర్నాటికి టోపీ, బైనాక్యులర్స్ అటకెక్కేవి. ఇది వేరు. ఆయన ఎవరితోనూ మాట్లాడని మనిషైతే కాంతం కాపురానికి లోటు లేదు, అందరి కాపురంలాంటిదే. ఎవరితోనో పక్కటెముకలు నొప్పెట్టేలా మాట్లాడగలిగిన మనిషైతే మాత్రం, ఇన్నేళ్ళూ కాంతంతో మాట్లాడాలని ఆయనకి అనిపించలేదన్న మాట. రెండిట్లో ఏది నిజమో తన కళ్ళతో చూసి తేల్చుకోవాలి. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టిందా అని అడగక్కర్లేదు.

తెల్లారకుండా లేచి చేగోడీలు వేయించి డబ్బా నింపింది. భరణి వద్దంటున్నా వినకుండా మిరపపండు రంగు పట్టుచీర కట్టింది. స్కూటర్ మీద దారంతా మొగుడి వీపు చూస్తూ కూర్చుంది. ఆ వీపు ఒక్క ముక్క మాట్లాడలేదు.

బీల గట్టు మీద ఝాన్సీలక్ష్మి ముందే వచ్చి నిలబడి ఉంది. రాత్రంతా కాంతం ఆవిడని రకరకాలుగా ఊహించుకుంది. పొడుగు జడ పెట్టింది, పౌడరు రాసింది, సన్న నడుం కూడా ఇచ్చింది. తీరా చూస్తే ఆవిడ పొట్టి మనిషి. నెరిసిన జుట్టు మెడదాకా కత్తిరించుకుంది. నేత చీర మీద మగవాళ్ళ చొక్కా, కాళ్ళకి కాన్వాసు బూట్లు. కాంతానికి ఇంకా ఒళ్ళు మండింది. అందగత్తె అయితే తిట్టుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. ఈవిడ దగ్గరికి ఆయన మాటల కోసమే వస్తున్నాడని ఇట్టే తేలిపోయింది.

"కాంతంగారేనా! ఇన్నాళ్ళకి కనిపించారు. మీ గురించి వినీ వినీ నాకు మీరు బాగా తెలిసిన మనిషైపోయారు," అని ఝాన్సీలక్ష్మి రెండు చేతులూ పట్టుకుంది. 

కాంతం చేతులు లాక్కోలేదు గానీ, తన గురించి ఈవిడ ఏం వింది, ఎవరి దగ్గర వింది అని మొగుడి వైపు చురుగ్గా చూసింది. ఝాన్సీలక్ష్మి చీర వైపు చూసి కాస్త ఇబ్బంది పడుతూ, "ఏమీ అనుకోకండి, ఎరుపు కనిపిస్తే పిట్టలు దగ్గరికి రావు. ఇది కప్పుకుంటారా?" అని సంచీలోంచి మట్టిరంగు తువ్వాలొకటి తీసింది.

"కప్పుకో," అన్నాడు సీతారామారావు.

ఆ పొద్దున ఆయన పెళ్ళాంతో అన్న మొదటి మాట అది. కాంతానికి తల కొట్టేసినట్టయింది. పట్టుచీర మీద ఆ తువ్వాలు కప్పుకుని మూతి ముడుచుకుని పడవెక్కింది.

పడవ నడిపేవాడు అసిరయ్య. చేతిలో నిలువు పొడుగు గెడ. "ఎనక్కి కూకో తల్లీ, నావ ఒరిగిపోతాది," అని కాంతాన్ని వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. ముందు బల్ల మీద సీతారామారావు, మధ్య బల్ల మీద ఝాన్సీలక్ష్మి. అవి వాళ్ళ అలవాటు స్థలాలని చూడగానే తెలుస్తోంది. ఎవరి బల్ల మీద వాళ్ళు సొంత ఇంట్లో పీట మీద కూర్చున్నట్టు కూర్చున్నారు.

నిజం చెప్పాలంటే ఆ పూట బీల చూసి తీరాల్సిందే. భాద్రపదం వానలకి నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చాయి. ఎండ ఇంకా ముదరలేదు. తెల్ల కలవలు ఇంకా విచ్చుకునే ఉన్నాయి. గెడ నీళ్ళలో దిగినప్పుడల్లా గుబుక్కుమని చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. ఎండిన మోడు మీద నల్లటి నీటికాకులు రెక్కలు ఆరేసుకుని నిలబడ్డాయి. ప్రతి ఆదివారం ఇంత అందం చూసి ఇంటికొచ్చి, ఎలా ఉందండీ అంటే "బాగుంది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టాడే అని కాంతానికి కలవల మీద కూడా కోపమొచ్చింది.

"లాభం... రెండు... మూడు..." సీతారామారావు నీటికాకుల్ని లెక్కపెడుతున్నాడు.

ఝాన్సీలక్ష్మి వెనక్కి తిరిగి నవ్వింది. "చూశారా, మొదటిదాన్ని ఒకటి అనకూడదట! మీవారే నేర్పారు. ఇప్పుడు పిట్టల్ని చూడ్డానికొచ్చే మేమందరం లాభం అనే మొదలుపెడతాం. భలే ముద్దుగా ఉంటుంది."

ముద్దుగా! అది అత్తగారు అడ్డతో పాటు కాంతం చేతిలో పెట్టిన మాట. దేవుడి గదిలో దీపం వెలిగించినంత భక్తిగా కాంతం ఇన్నేళ్ళు పలికిన మాట. దాన్ని ఈయన నీటికాకులకి తగిలించి ఊరందరికీ పంచిపెట్టాడు. "మాది ఏపారం అమ్మా, ముద్దు కాదు," అంది కాంతం. ఝాన్సీలక్ష్మికి వినబడలేదో, వినబడనట్టు ఊరుకుందో.

అప్పుడు సీతారామారావు మాట్లాడడం మొదలుపెట్టాడు. బైనాక్యులర్స్ కళ్ళ దగ్గరే ఉన్నాయి, మొహం నీళ్ళ వైపే ఉంది. గొంతు మాత్రం కాంతం ఎన్నడూ వినని గొంతు.

"మేడమ్, నిన్న సెప్తానన్నాను కదా. సిన్నప్పుడు మా స్టేషన్లో బొగ్గింజన్లు ఆగీవండి. మా నాన్న పప్పు ఏరమంటే నేను గోడెక్కి డ్రైవర్ని సూస్తా కూకునీవోణ్ణి. ఓ రోజు ఆయన రారా అని సెయ్యందించి ఇంజన్లోకి ఎక్కించీసుకున్నాడు. తిన్నగా దూసి స్టేషన్ దాకా! మా నాన్న ఊరంతా ఎతికీసి, నూతిలో కూడా పాతాళగరిగె ఏయించీసాడు. సాయంత్రానికి నేను నల్లగా కాకిలాగ తిరిగొచ్చాను. మా అమ్మ నన్ను పోల్చలేదు. ఎవరబ్బాయివి నాయనా అని అడిగిందండి!"

ఝాన్సీలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. వెనక అసిరయ్య కూడా ముసిముసిగా నవ్వాడు. కాంతం నవ్వలేదు. ఆ స్టేషన్ గోడ తన వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. ఆ గోడ చూస్తూ ఎన్ని వేల అన్నాలు వార్చింది! దాని మీద కూర్చున్న పిల్లవాడి సంగతి మాత్రం ఇవాళ, ఇంకో ఆడదాని కోసం చెబుతుంటే, వెనక బల్ల మీద కూర్చుని దొంగతనంగా వినాల్సి వచ్చింది. తేల్చుకోవడానికి వచ్చింది, తేలిపోయింది. ఆయన మాట్లాడే మనిషే.

కలవాకుల మీద పొడుగు వేళ్ళ పిట్ట ఒకటి నడుస్తోంది, నీళ్ళ మీద నడుస్తున్నట్టే. "అది మగది. ఈ జాతిలో గుడ్లు పొదిగేది మగదేనండీ. ఆడది గుడ్లు పెట్టేసి ఇంకోదాని దగ్గరికి పోతుంది," అంది ఝాన్సీలక్ష్మి గుసగుసగా.

"బాగున్నాది వరస! ఇక్కడేమో మొగాళ్ళు గూళ్ళొగ్గీసి వస్తన్నారు," అంది కాంతం, గుసగుస కాకుండా.

సీతారామారావు వెనక్కి తిరగకుండానే ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఆగమన్నట్టు. 

ఆ చెయ్యి చూసి కాంతం నోరు టక్కున మూతపడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ్ని నోరు మూసుకోమన్నది లేదు. కోపం, ఉక్రోషం ఒకేసారి పొంగి, చెయ్యి ఏం చేస్తోందో తెలీకుండా డబ్బా మూత తీసి చేగోడీ ఒకటి నోట్లో వేసుకుని కొరికింది. ఆ నిశ్శబ్దంలో అది టపాకాయలా పేలింది. పొడుగువేళ్ళ పిట్ట ఎగిరిపోయింది. దాని వెనక తుంగలోంచి పేరు తెలియని పిట్టలు ఇంకో పది లేచిపోయాయి. ఝాన్సీలక్ష్మి ఫ్లాస్కు తీసి టీ పోసింది. చక్కెర లేని టీ. సుగరున్నా సరే, ఇంట్లో చెంచాడు తక్కువైతే గ్లాసు పక్కన పెట్టేసే మొగుడు, ఆ చేదు నీళ్ళు చప్పరిస్తూ తాగాడు.

"నాకు తల తిరుగుతోంది," అంది కాంతం. తిరగడం లేదు. కానీ ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేలా ఉంది.

"ముందల దిబ్బుంది తల్లీ. కాసేపు దిగి నేల మీద నిలబడితే తగ్గిపోద్ది," అన్నాడు అసిరయ్య.

దిబ్బంటే నీళ్ళ మధ్య తుమ్మచెట్లు మొలిచిన మట్టి ముద్ద. చెట్ల నిండా కొంగల గూళ్ళు. పడవ వెనక భాగం దిబ్బకి ఆనించాడు అసిరయ్య. మడమలదాకా బురద. కాంతం ఆ బురద చూసింది, తన పట్టుచీర చూసుకుంది, దిగనంది. ఝాన్సీలక్ష్మి మాత్రం బూట్లతో దిగిపోయింది, గూళ్ళలో కొంగపిల్లల్ని ఫొటో తీసుకోవాలని. ఆవిడ జారిపడకుండా అసిరయ్య వెంట వెళుతూ, "బరువు మద్దిలో ఉండాల తల్లీ, ఆ బల్ల మీదకి జరుగు," అని చెప్పి వెళ్ళాడు. కాంతం ఝాన్సీలక్ష్మి స్థలంలోకి జరిగి కూర్చుంది. ముందు బల్ల మీద సీతారామారావు ఇవేమీ చూడలేదు, వినిపించుకోలేదు. దూరంగా తుంగ అంచున పొడుగు మెడ కొంగేదో నీళ్ళలోకి చూస్తోంది, ఈయన దాన్ని చూస్తున్నాడు.

"ఆ సేగోడీల సంగతి మనసులో పెట్టుకోకండి మేడమ్," అన్నాడాయన, బైనాక్యులర్స్ దించకుండా.

కాంతం కదలలేదు. తల తిరుగుతోందన్న మనిషే దిగిందని ఆయన అనుకున్నాడు. వెనక ఉన్నది మేడమ్ అనుకుంటున్నాడు. నేనే అని చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. తను కాంతం అని తెలిస్తే ఆ గొంతు ఆగిపోతుంది.

"తెల్లారకుండా లేచి ఏయించింది పాపం. దాని సేతి సేగోడీ తిన్నాక ఇంకోచోట తినబుద్ధెయ్యదండి. ఎన్నేళ్ళు తిన్నానో, బాగున్నాయని ఓపాలీ అన్లేదు."

"ఊఁ," అంది కాంతం, గొంతు చిన్నది చేసి.

"రామతీర్థం సంగతి మీకు సెప్పాను కదా. పెళ్ళిసూపులకంటే ముందే దాన్ని సూసీసానని. దానికి ఇప్పటికీ తెల్దు. పెద్దోళ్ళు కుదిర్చిన సంబంధం అనే అనుకుంటాది."

పడవ ఊగలేదు గానీ కాంతానికి ఈసారి నిజంగానే తల తిరిగింది.

"కాపురానికొచ్చిన కొత్తలో సెప్దామని ఓ రోజు కొట్లోకెల్లాను. కొలుస్తన్నాది. కాంతం అన్నాను. సెయ్యెత్తింది. నిలబడ్డాను. ఈలోగా ఎవరో బేరానికొచ్చారు. మర్నాడు మళ్ళీ ఎల్లాను. మళ్ళీ కొలుస్తన్నాది. మా కొట్లో ఎప్పుడూ ఏదో ఒకటి కొలుస్తానే ఉంటాం కదండీ. ఆ తరవాత ఇంక సెప్పలేదు. ఒక్కటి సెప్పకపోతే రెండోది కూడా రాదండి, అదేటో. దానికి ఇలాంటివి పట్టవు కూడాను. సెప్తే నవ్వుతాది."

"ఎవరు సెప్పారు మీకు పట్టవని?"

కాంతం గొంతు కొట్టు గొంతు. దిబ్బ మీద కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. సీతారామారావు చేతుల్లోంచి బైనాక్యులర్స్ జారి మెడలో వేలాడాయి. వెనక్కి తిరిగి, నీళ్ళలోంచి మొసలి లేచినంత భయంగా చూశాడు.

"నువ్వా! నువ్వు దిగలేదేటి?"

"ఆవిడ దిగింది. నేనే ఉన్నాను. రామతీర్థంలో నన్నెప్పుడు సూసారు?"

ఆయన మెడలో బైనాక్యులర్స్ తాడు సవరించుకున్నాడు.

"ఆవిడకెప్పుడు సెప్పారీ సంగతి?"

"పోయినేడు. కార్తీకంలో."

"నా పెళ్ళి ఎలాగ కుదిరిందో నాకంటే ముందు ఆవిడకి తెలవాలా? నాకు తెలీకుండా ఏడాదిబట్టి ఆవిడ దగ్గర ఉన్నాదా అది?" కాంతానికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "సెయ్యెత్తితే ఎత్తాను. ఎవరైనా సెప్పుకుంటే నవ్విపోతారు, రెండు రోజులొచ్చి మానేస్తారేటి? మూడోరోజు రాకూడదా?"

"రావలిసింది," అన్నాడు సీతారామారావు.

ఆ ఒక్క మాట ఆయన అంత తేలిగ్గా ఒప్పేసుకుంటాడని కాంతం అనుకోలేదు. తగువుకని పోగేసుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. దిబ్బ మీద నుంచి ఝాన్సీలక్ష్మి ఏదో అడుగుతోంది, అసిరయ్య ఏదో చెబుతున్నాడు. వాళ్ళు ఇంకా చెట్ల అవతలే ఉన్నారు.

"ఇప్పుడు సెప్పండి," అంది కాంతం.

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. "నీ మొహం సూస్తే రావటం లేదే," అన్నాడు.

"అయితే అటే తిరగండి. ఆవిడకి ఎలాగ సెప్తారో అలాగే. మొదట్నుంచి సెప్పాలి. ఒక్క ముక్క తగ్గినా ఊరుకోను."

సీతారామారావు నీళ్ళ వైపు తిరిగాడు. కాసేపటికి ఆ గొంతు వచ్చింది. తడబడుతూ వచ్చింది గానీ వచ్చింది. నాన్నతో రామతీర్థం వెళ్ళాడట. కొండ కింద కొట్లో ఒక అమ్మాయి, తన తాత వయసున్న ఆసామితో కొబ్బరికాయ ధర దగ్గర పోట్లాడుతోందట. ఆసామి ఓడిపోయి నవ్వుతూ డబ్బులిచ్చాడట. ఈయన వెళ్ళి ఒక కాయ కొన్నాడట. దర్శనం అయిపోయాక వెళ్ళి ఇంకోటి కొన్నాడట. "దర్శనం అయిపోనాక కాయెందుకు బాబూ అన్నావు నువ్వు. నాకు జవాబు రాలేదు. అదీ పట్టుకుని రైలెక్కాను. ఈ పిల్ల ఇంట్లో ఉంటే నేను మాటాడక్కర్లేదు, ఇల్లు నిండుగా ఉంటాది అనుకున్నాను. మా నాన్నతో ఆ రోజే సెప్పీసాను."

కాంతానికి ఆ ఆసామీ గుర్తు లేడు, ఆ అబ్బాయీ గుర్తు లేడు. అన్ని వేల కాయలమ్మిన పిల్లకి ఒక కాయ ఎలా గుర్తుంటుంది? అయినా ప్రతి ముక్కా ఆబగా వింది. వింటూనే ప్రతి ముక్క దగ్గరా ఒకటే బాధ. ఇదీ ఆవిడకి తెలుసు, ఇదీ ఆవిడ ముందే వింది, ఇక్కడ ఆవిడ నవ్వి ఉంటుంది.

"ఆవిడకీ ఇలాగే సెప్పారా?"

"ఇలాగే."

"ఇల్లు నిండుగా ఉంటాదన్నది కూడానా?"

"అదీను."

కాంతం తువ్వాలు తీసి పక్కన పడేసింది. ఎర్రచీర ఎండలో భగ్గుమంది. చెట్ల అవతల బురదలో అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.

"ఆవిడకి సెప్పనిది ఒకటి సెప్పండి," అంది. "ఇప్పుడే. ఆవిడొచ్చీలోగా. ఎవరికీ సెప్పంది."

సీతారామారావు తల వంచి నీళ్ళలోకి చూశాడు. వెతుక్కుంటున్నాడని వీపు చూస్తేనే తెలుస్తోంది. పాపం, ఉన్నవన్నీ అక్కడే ఖర్చుపెట్టేసి ఉంటాడు.

"నిన్న నువ్వొస్తానన్నావు కదా," అన్నాడు చివరికి. "రాకుండా ఉంటే బాగుణ్ణనుకున్నాను. పొద్దున్న స్కూటర్ స్టార్టవ్వకూడదని దణ్ణం కూడా ఎట్టుకున్నాను."

"ఎందుకు?"

"నువ్వు పడవలో కూకుంటే ఇక్కడ కూడా నేను కొట్లో మనిషినైపోతానని. నాకు ఉన్నది ఈ ఆదివారం ఒక్కటే కదా, అదీ పోద్దని భయమేసింది."

ఏ ఆడదైనా ఈ మాటకి పడవ దిగి బురదలో నడిచి వెళ్ళిపోవాలి. కాంతానికి నిజంగానే నొప్పెట్టింది. నోటి దాకా ఒక తిట్టు వచ్చింది కూడా. కానీ ఆ నొప్పి కింద ఇంకోటి, సిగ్గులేకుండా, మెల్లిగా తలెత్తింది. ఆయన ఇది కాలక్షేపానికి చెప్పలేదు, నవ్వించడానికి చెప్పలేదు. తనకే చెప్పాడు.

ఝాన్సీలక్ష్మి పడవ అంచు పట్టుకుని, "అసిరయ్యా, కాస్త చెయ్యందించు," అంటోంది.

కాంతం ముందుకి వంగి మొగుడి చెవి దగ్గర అడిగింది.

"ఇది ఆవిడకి తెల్దు కదా?"

"తెల్దు."

"సెప్పకండి," అంది కాంతం.